నేలంతా నీళ్ళు

మధ్యగది. ఆరిన బట్టల గుట్టతో ఆమె మంచం మీద ఉంది. అతను భోజనాల బల్ల మీద ఉన్నాడు. మధ్యలో నేల.

"ఆ కొసలు రెండూ గట్టిగా పట్టుకోండి. మడత సరిగ్గా రావడం లేదు."

"పట్టుకున్నానుగా. నువ్వే అటు లాగేస్తున్నావు."

"దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరం దగ్గరికి రావాలండీ. మీరేమో బల్ల దిగరు."

"ఎలా దిగను? నేలంతా నీళ్ళు, నీళ్ళలో మొసలి ఉందని బుల్లి పొద్దున్నే చెప్పింది. నువ్వు మాత్రం మంచం దిగుతున్నావా?"

"సరే, కొసలు ఇటు విసిరెయ్యండి. నా తిప్పలేవో నేను పడతాను."

"ఇదిగో. అన్నట్టు, మేస్త్రి ఫోన్ చేశాడా?"

"చేశాడు. మీ ఫోన్ ఆపేసుకున్నారని నాకు చేశాడు. ఇవాళ కూడా మీరు పరంజా ఎక్కి రంగు వెయ్యకపోతే, మీ బదులు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడట. మోకాలు నొప్పని చెప్పాను."

"ఏ మోకాలు?"

"కుడిది."

"నిన్న నేను ఎడమదని చెప్పానే."

"అయితే రెండూ అనుకుంటాడు లెండి."

"రెండూ నొప్పి అయితే బల్ల ఎలా ఎక్కాడంటాడు."

"బల్ల సంగతి ఆయనకెవరు చెప్తారు? అయినా ఆ రోజు పరంజా మీద జారింది కాలొక్కటే కదండీ. తాడు ఆపింది, గీత కూడా పడలేదు. అప్పట్నుంచీ..."

"ఆ మాట ఎత్తకు."

"ఎత్తలేదు."

"ఎత్తావు."

"సగమే ఎత్తాను."

"నాకు భయమేం లేదు. వెళ్ళేవాణ్ణే. కానీ ఇవాళ దారేది చెప్పు. గుమ్మం దాకా నీళ్ళే. పెద్దవాళ్ళమై ఉండి పిల్లల ఆట మనమే చెడగొడతామా?"

"చెడగొట్టకూడదు లెండి. నేల మీద నడిచి మాత్రం వెళ్ళకండి."

"అదే నేను చెప్పేదీ. ఇంతకీ అమ్మ ఏది?"

"అత్తయ్యని మొసలి తినేసింది. మొహం కడుక్కుందామని దిగారు, అంతే."

"మరి వంటింట్లో ఆ చప్పుడు?"

"ఆవిడే. మొసలి తిన్నవాళ్ళు నేల మీద తిరగొచ్చట. కానీ వాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదట."

"పాపం."

"పాపమేముంది? పోయాక నడుం నొప్పి తగ్గిందని ఇందాక గోడతో చెప్పుకుంటున్నారు. మీ పక్కనున్న ఆ టీ కూడా ఆవిడ పెట్టి వెళ్ళిందే."

"అమ్మా, ఇందులో పంచదార..."

"మాట్లాడకండి. వీధి తలుపెక్కి కూర్చుని బుల్లి అంతా చూస్తోంది."

"నన్నూ తినెయ్యమనరాదూ? మేస్త్రితో మాట్లాడే పని తప్పుతుంది."

"అడిగి చూశాను. మొసలికి కడుపు నిండిపోయిందట."

"అన్నీ అడిగేశావు. గుండుగాడేడి?"

"తలెత్తి చూడండి."

"బీరువా మీదా? వాణ్ణెవరు ఎక్కించారు?"

"ఎవరూ ఎక్కించలేదు. స్టూలు, కుట్టుమిషను, కిటికీ ఊచలు, బీరువా. పొద్దున్నుంచీ వాడికదే దారి."

"దిగమను ముందు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"బీరువా మీదున్నది వాడు. కళ్ళు తిరిగేది మీకా?"

"ఒరేయ్ గుండూ..."

"అరవకండి. మీరు అరిస్తే వాడు మీ వంక చూస్తాడు, కాలి వంక చూడడు. మొన్నటిదాకా గుమ్మం ముందు మెట్టు కూడా కూర్చుని జారి దిగేవాడు. ఇప్పుడు ఆ కాలు చూడండి. ముందు బొటనవేలు ఆనిస్తాడు, బరువు వెయ్యడు. చేతికి పట్టు చిక్కాకే రెండో కాలు లేపుతాడు."

"ఎవరు నేర్పారు?"

"ఈ మంచమే నేర్పింది. పోయినవారం దీని మీంచి పడ్డాడు. నేను వచ్చేలోపే ఏడుస్తూ మళ్ళీ ఎక్కేశాడు. మిగిలిన ఏడుపు పైకెక్కి కూర్చున్నాక ఏడ్చాడు."

"ఏడుపు ఆపకుండానే ఎక్కాడా?"

"ఆపితే ఎక్కేవాడు కాదేమో."

"ఊఁ."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. టీ చల్లారిందన్నాను."

"అదుగో, నా ఫోన్. మేస్త్రే అయ్యుంటాడు."

"ఎక్కడ మోగుతోంది?"

"బీరువా మీద. పిల్లలకి అందకూడదని పెట్టించాను."

"పెట్టించావా? ఎవరి చేత?"

"గుండు చేత."

"పిల్లలకి అందకూడదని, పిల్లాడి చేత బీరువా మీద పెట్టించావా?"

"నేల దిగకుండా ఇంకెవరికి అందుతుంది చెప్పండి?"

"నాన్నా, మేస్త్రి మావయ్య ఫోటో వచ్చింది. నేను మాట్లాడనా? నువ్వు బల్ల మీద దాక్కున్నావని చెప్పనా?"

"వద్దురా గుండూ. నేనేం దాక్కోలేదు. ముట్టుకోకు, వస్తున్నాను."

"కుర్చీ వద్దు నాన్నా, అది ఊగుతుంది. స్టూలు మీద కాలు పెట్టు."

"పెట్టాన్రా."

"ఇప్పుడు కుట్టుమిషనండీ. చక్రం మీద కాదు, చెక్క మీద."

"నాకు తెలుసే."

"నాన్నా, కిందికి చూడకు. చేత్తో ఏది పట్టుకోవాలో అది చూడు."

"ఈ మాట వీడికెవరు చెప్పారు?"

"పనిలో కొత్తవాళ్ళకి మీరు చెప్పేదే కదండీ. రోజూ ఫోన్‌లో అరుస్తుంటే వీధి వీధంతా నేర్చుకుంది. ఎదురింటి తాతగారు మంచం దిగేటప్పుడు అదే అనుకుంటారు."

"ఈ ఊచ వదులుగా ఉంది."

"ఊచ బాగానే ఉంది. పొద్దున్నుంచీ గుండు దాన్ని పట్టుకునే ఎక్కుతున్నాడు."

"ఉండు, మాట్లాడకు. ఉండు... జరగరా గుండూ, కాస్త చోటివ్వు."

"ఎక్కారా?"

"ఎక్కాను. ఫోన్ ఆగిపోయింది."

"పోన్లెండి, మళ్ళీ చేస్తాడు."

"ఇక్కడ నా బెల్టుంది."

"ఏ బెల్టు?"

"పరంజా మీద కట్టుకునేది. పోయిందని మేస్త్రికి చెప్పినది."

"అక్కడికెలా వచ్చింది?"

"ఎలకలు లాక్కొచ్చి ఉంటాయి."

"ఆ ఇనప కొక్కేలతో సహానా?"

"పెద్ద ఎలకలు."

"కాదమ్మా, నాన్నే. మొన్న బూజుకర్రతో పైకి తోశాడు. నేను మంచం కింద మొసలిగా ఉన్నాను, చూశాను."

"నువ్వు నోరు మూసుకోరా గుండూ."

"పోనీ, పైనుంచి ఇల్లెలా ఉంది?"

"సిగ్గుగా ఉంది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నిటికీ రంగులేసి వస్తాను, మన కప్పు చూడు. ఆ మూల పెచ్చులూడిపోయింది. కింద నుంచి ఇన్నాళ్ళూ కనబడనే లేదు. ఇక్కణ్ణుంచి చెయ్యి చాపితే అందుతోంది."

"ఏమండీ, మీరు నిలబడ్డారు."

"ఎక్కడ?"

"బీరువా మీద. ఏదీ పట్టుకోకుండా."

"ఆ బెల్టు ఇలా ఇవ్వరా గుండూ."

"కూర్చోండి, కూర్చోండి అనడం లేదు. ఊరికే చెప్పాను. ఏమండీ? ఆ బెల్టెందుకు కట్టుకుంటున్నారు? మిమ్మల్నే."

"అమ్మా, నాన్న బీరువా మీంచి నా తలుపు మీదికి వస్తున్నాడు."

"నువ్వు అరుగు మీదికి దూకెయ్యవే బుల్లీ. ఆ తలుపు ఇద్దర్నీ మొయ్యదు."

"దూకాను. నాన్న తలుపు పట్టుకుని ఊగుతున్నాడమ్మా. కిర్రుమంటోంది. ఆఁ, అరుగు మీద దిగాడు."

"అరుగంటే నీళ్ళా, గట్టా?"

"గట్టే. ఇప్పుడు ప్రహరీగోడ ఎక్కాడు. దాని మీద నడుస్తున్నాడు."

"చేతులు చాపుకుని నడుస్తున్నారా?"

"లేదు. జేబుల్లో పెట్టుకుని."

"కాలు కింద పెట్టలేదు కదా?"

"పెట్టలేదమ్మా. గోడ చివర మేస్త్రి మావయ్య బండి ఉందిగా, పొద్దున్నుంచీ అక్కణ్ణుంచేగా ఫోన్ చేస్తున్నాడు. నాన్న గోడ మీంచి తిన్నగా దాని మీదే, మావయ్య వెనకాల కూర్చున్నాడు. వెళ్ళిపోయారు."

"నాకేమైనా చెప్పమన్నారా?"

"ఎవరితోనూ ఏమీ చెప్పలేదు."

"సరే. రా, ఈ దుప్పటి రెండో కొస పట్టుకో."

"అమ్మాయ్, వాడు వెళ్ళాడుగా. ఇక నేను బతకొచ్చా?"