బిల్లు కాగితం

కాటన్‌పేటలోని చీరల అంగడి. గిరాకీ పలచబడిన మధ్యాహ్నం, బిల్లు మిషన్ దగ్గర కూర్చునే కోడలు మళ్ళీ చేతులు కడుక్కుని రావడం మామగారు గమనించారు.

“ఏమ్మా, బిల్లు కొట్టినప్పుడంతా చేతులు కడుగుతుండావు?”

“ఈ నున్నటి కాగితానికి కెమికల్ పూసింటారు మామా. ముట్టుకుంటే చర్మంలోంచి ఒంట్లోకి పోతుందంట. యూరప్‌లో దాన్ని బ్యాన్ చేసినారు.”

“మరి ఇక్కడ?”

“ఎప్పుడు చేస్తారో ఏమో.”

“ఇన్నేండ్లు ముట్టుకున్నాను, నాకేమయింది తల్లీ?”

“మీ సంగతి కాదు మామా. కడుపులో బిడ్డకు మంచిది కాదంట.”

“ఎవరి కడుపులో?”

ఆమె తల దించుకుని నవ్వింది. విషయం అర్థమయ్యేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

“మీ అత్తకు చెప్పినావా?”

“మీ కొడుక్కు తప్ప ఎవరికీ చెప్పలేదు.”

“ఇంక నువ్వా మిషన్ ముట్టొద్దు. బిల్లులు నేను చేత్తో రాస్తాను.”

“మీరే మిషన్‌లో కొట్టొచ్చు కదా మామా?”

“కొట్టి ఎవరి చేతిలో పెట్టల్ల? చీరలకొచ్చే ఆడబిడ్డల్లో ఎవరి కడుపు పండిండాదో నాకేం తెలుసు? సర్కారు ఎప్పుడన్నా చేసుకోనీ. మన అంగట్లో ఈ పొద్దే బ్యాన్.”