నాంచారమ్మ ఖాళీ బుట్ట

నాంచారమ్మ అని ఒకావిడ ఉండేదంట, మగ్గాల వీధి చివరింట్లో. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పక్కిళ్ల మగ్గాలకి కండెలు చుట్టిపెట్టి బతికేది. కండెలంటే తెలుసుగా, మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు చుట్టలు. సరే, ఏమైందంటే, ఆ ఊరికి చెత్తబండి వచ్చింది. పొద్దున్నే మార్తమ్మ అనే ఆవిడ ఈల ఊదుకుంటా బండి తోసుకొచ్చేది. ఇంటికి రెండేసి బుట్టలిచ్చారు, తడి చెత్తకి పచ్చది, పొడి చెత్తకి నీలంది. ఇక చూసుకో, వీధంతా తగువే. కొబ్బరిచిప్ప తడా పొడా అని ఒకింట్లో అత్తాకోడళ్లకి మాటలే పోయినయ్యంట. గుడ్డుపెంకు ఎందులో ఎయ్యాలో తెలవక ఇంకొకాయన గుడ్లు తినడమే మానుకున్నాడంట. నేను చూడలా, విన్నమాట.

అందరి బుట్టలూ నిండుతుంటే నాంచారమ్మ బుట్టలు మాత్రం కడిగి బోర్లించి ఉండేవి. మార్తమ్మ రెండు మూడుసార్లు అడిగింది, ఏందమ్మా ఏమీ లేదా అని. మా ఇంట్లో చెత్త అవ్వదు తల్లీ అందంట నాంచారమ్మ, నవ్వి. ఆ మాట వీధంతా పాకింది. చెత్త అవ్వని ఇల్లు ఎట్టా ఉంటదయ్యా? తొక్కలు మేకకేస్తదేమో అన్నారు, మేక లేదు. తగలేస్తదేమో అన్నారు, పొగ లేదు. పెరట్లో పాతిపెడతదేమో అని గోడ మీద నుంచి తొంగిచూసినోళ్లు కూడా ఉన్నారు, ఎక్కడా మట్టి కదల్లా. ఈ సంగతి సర్పంచి దాకా పోయింది. ఆయన సంబరపడి, ఈసారి ఊరి మీటింగులో ఆమెకి శాలువా కప్పుదాం, ఆ కిటుకేందో ఆమె నోటితోనే అందరికీ చెప్పిద్దాం అని చాటింపేయించాడు.

ఎదురింటి రత్తమ్మకి ఇక నిద్ర పట్టలేదు. ఎవరింట్లో ఏం కూరో తెలవకపోతే ముద్ద దిగని మనిషి, అనుకో. మీటింగు దాకా ఆగలేక, పాలల్లోకి కాస్త తోడు కావాలని గిన్నె పట్టుకుని పోయింది. తోడు లేదొదినా అంది నాంచారమ్మ. పోనీ నాలుగు మెంతులియ్యి అంది రత్తమ్మ. మెంతులూ లేవంట. అయితే నిప్పన్నా ఇయ్యి అనుకుంటా చొరవగా వంటింట్లోకి పోయింది. పోయి చూస్తే ఏముంది, పొయ్యి అలికి, మీద ముగ్గేసి ఉంది. ఆ ముగ్గు కొత్తది కాదు. ఎండి, చీమలు తిరిగిన ముగ్గు. ఎక్కడా చెదరలా. గిన్నెలన్నీ బోర్లించున్నాయి. రత్తమ్మకి చేతిలో గిన్నె బరువెక్కింది. వండితే కదమ్మా చెత్త!

అప్పుడు చెప్పిందంట నాంచారమ్మ, గోడవైపు తిరిగి. వానలకి మగ్గం గుంటల్లోకి నీళ్లొచ్చి నేత ఆగింది, నేత ఆగితే కండెలెవరికి కావాలి? రేషను కొట్టులో బియ్యం తెచ్చుకుందామంటే, నూలు చుట్టీ చుట్టీ వేళ్ల మీద గీతలు అరిగిపోయినయ్, మిషను మీద వేలిముద్ర పడలేదు. మళ్లీ రమ్మన్నారు, పోయింది, మళ్లీ పడలేదు. వెనక జనం విసుక్కుంటుంటే నామోషీ అనిపించి ఇక పోలేదు. గుప్పెడు అటుకులు నానేసుకుని రోజు గడిపేది. “నలుగురి ముందు నిలబెట్టి కిటుకేందని అడిగితే ఏం చెప్పను ఒదినా?” అంది.

రత్తమ్మ, పేరుకి వాగుడుకాయే గానీ, ఆ సంగతి ఒక్క ముక్క బయటికి పొక్కనీలేదు. గిన్నె కింద పెట్టి, “చెప్పమాక. చేసి చూపియ్యి” అంది. వీధిలోకొచ్చి ఏమని చాటిందంటే, కిటుకు నోటితో చెబితే వచ్చేది కాదంట, నాంచారమ్మ వంటింట్లో వండుతా నేర్చుకోవాలంట, కూరా నారా మీరే తెచ్చుకోవాలంట అని. ఆడోళ్లు ఎగబడ్డారు. నాంచారమ్మ మొదట జంకింది. కానీ ఎవరో తెచ్చిన బీరకాయలు చెక్కుతుంటే పొట్టు చూసి ఆమెకి చెయ్యి ఆగలేదు. ఆ పొట్టు వేయించి, మిరపకాయలు చింతపండు వేసి రోట్లో నూరింది. అరటికాయ తొక్క వేపుడైంది. గుమ్మడి గింజలు వేయించి ఒలిచింది. పొద్దుగూకేలోపు అందరూ అక్కడే కూర్చుని తిన్నారు. నాంచారమ్మ కూడా తింది, అడిగి మారు వడ్డించుకుని మరీ తింది. రత్తమ్మ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంటే, పచ్చడి కారం అనుకున్నారంతా.

ఆ తరవాత రత్తమ్మే ఆమెని ఎంటబెట్టుకుపోయి, వేలు పడకపోతే కన్ను చూసే మిషను ఉందంటగా, అది తెప్పించండి అని కొట్టు ముందు కదలకుండా కూర్చుంది. తెప్పించారు. బియ్యం ఇచ్చారు. మీటింగులో శాలువా కూడా కప్పారు. నాంచారమ్మ రెండు మాటలు మాట్లాడింది, అవి రెండూ పచ్చడిలో ఉప్పెంత అన్న మాటలే.

ఇప్పుడా ఊళ్లో ఏమైందనుకున్నావ్? ఆ పచ్చడి రుచి మరిగి అందరూ పొట్టు కోసమే బీరకాయలు కొంటున్నారంట. కాయేం చేసుకోవాలో తెలవక బుట్టలో పడేస్తున్నారు. మార్తమ్మ బండి ఇప్పుడు రెండు తడవలు తిరగతా ఉంది.