బ్రేకులు చెయ్యని మెకానిక్

దర్శిలో మెయిన్ రోడ్డుకి రెండు వందల గజాలు లోపలగా ఉంటుంది ఖాదర్ వలి కార్ల షెడ్డు. శేషాచలం మాస్టారు ప్రమాదంలో పోయిన పదకొండు నెలలకి ఆయన భార్య సీతారత్నం ఆ జెన్ కారునే బాగు చేయించి, ఎవరెంత చెప్పినా వినకుండా, ఒక డ్రైవరుని పెట్టుకుని పొద్దున్నే అక్కడికి తెచ్చింది. డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడు.

"మళ్ళీ చూడు వలీ. రేడియేటర్లో ఇంకా ఏదో ఉంది."

"దూదేనమ్మా. పత్తి లారీల వెనకాల వచ్చారేమో దారంతా. ఈ సీజన్లో ఎవరి బానెట్టు ఎత్తినా ఇంతే. పరుపు కుట్టించుకోవచ్చు."

"ఆయన బ్రష్షుతో తీసేవారు. పళ్ళు తోముకునే పాత బ్రష్షు."

"నాకు నేర్పిందే మాస్టారమ్మా. నీళ్ళ పైపు పెట్టి గట్టిగా కొడుతుంటే చూసి, 'ఆ సన్న రేకులు వంగిపోతాయోయ్, నీకు చేతులున్నాయా లేవా' అని తిట్టారు. నా షెడ్డులో నన్నే."

"నీ షెడ్డని ఆయనెప్పుడు ఒప్పుకున్నారు గనక? రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో కంటే ఇక్కడే ఎక్కువ ఉన్నారు."

"అవునమ్మా. స్పానర్లు వరసలో లేకపోతే నాకంటే ముందు ఆయనకే కోపం."

"మరి ఎయిర్ ఫిల్టరు?"

"ఇదిగో. ఒంగోలు వాళ్ళు బాడీ అంతా అద్దంలా చేశారు గానీ దీన్ని ముట్టుకోలేదు. కాస్త దూరం జరగండమ్మా, దులుపుతున్నా. మిరపకాయల దుమ్ము ఇది."

"హాఛ్... అబ్బా."

"చెప్పానా?"

"పోనీలే, తుమ్మనీ. ఆయన చొక్కాలన్నిటికీ ఇదే ఘాటు. ఆదివారం పొద్దున కారు కింద దూరితే మధ్యాహ్నానికి గానీ బయటికొచ్చేవారు కాదు. సబ్బుతో ఎంత రుద్దుకున్నా గోళ్ళల్లో నల్లగా ఉండేది. ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటే నాకు ఒళ్ళు మండేది."

"రంగు మటుకు బాగా కలిపారు. అదే తెలుపు. ఎడమ పక్క రెండు డోర్లూ కొత్తవే కదా? తట్టి చూస్తే గానీ తెలీట్లేదు."

"ఊఁ."

"కుడి పక్క ఒక్క గీత లేదు. మాస్టారు పాలిష్ పట్టిందే ఇంకా మెరుస్తోంది."

"టైర్లలో గాలి చూశావా?"

"చూశా. ముందువి తక్కువున్నాయి, ముప్పై పెట్టా. కానీ అమ్మా, నాకొకటి అర్థం కాదు. దెబ్బంతా ఎడమ పక్క తగిలితే, కుడి పక్క స్టీరింగు ముందు కూర్చున్న మాస్టారు..."

"లారీ కొట్టాక బండి గింగిరాలు తిరిగింది. ఎవరెక్కడ పడ్డారో ఎవరు చూశారు? వదిలెయ్ వలీ."

"తప్పయిపోయిందమ్మా. అడక్కుండా ఉండాల్సింది."

"కూలెంటు పోశావా?"

"పోశా. మాస్టారు వాడేదే, ఆకుపచ్చది. ప్లగ్గులు తుడిచా. బెల్టు బిగించా. వైపర్లకి కొత్త రబ్బర్లేశా. ఇంజనాయిలు ఇంకో రెండు నెలలు చూడక్కర్లేదు."

"బ్రేకులు?"

"హారన్ కూడా చూశానమ్మా. మాస్టారు ముచ్చటపడి డబుల్ హారన్ పెట్టించారు కదా, అందులో ఒకటి మూగబోయింది. వైరు ఊడింది, అంతే. ఒకసారి కొట్టి చూడండి."

"బ్రేకులు, వలీ."

"ఒంగోల్లో చూసే ఉంటారు."

"చూశారో లేదో నాకేం తెలుసు? నువ్వు చూడు."

"వినుకొండలో అల్లాబక్షు అని ఉన్నాడమ్మా. బ్రేకుల పనంటే వాడి తర్వాతే ఎవరైనా. నేను ఫోన్ చేసి చెప్తా, మీ డ్రైవరు తీసుకెళ్తే చాలు."

"నిన్నిక్కడ పెట్టుకుని వినుకొండ దేనికి?"

"నేను బ్రేకులు చెయ్యట్లేదమ్మా. మానేశా."

"బ్రేకులు చెయ్యని మెకానిక్కా?"

"నవ్వండి, పర్లేదు. ఊళ్ళో అందరూ నవ్వుతున్నారు."

"నేను నవ్వట్లేదు. ఎప్పుడు మానేశావు?"

"చాన్నాళ్ళయింది."

"ఎన్నాళ్ళు?"

"టీ చెప్పనా అమ్మా? చక్కెర లేకుండా చేయిస్తా."

"వద్దు. పోనీ ఇంకో పని చెయ్యి. ఆ డ్రైవర్ సీట్లో కూర్చుని మూడు పెడళ్ళూ నాకు చూపించు."

"మీకు తెలీనివా? ఇరవయ్యేళ్ళు మాస్టారి పక్కన కూర్చున్నారు."

"చూపించు. ఏది ఏదో."

"ఇది క్లచ్చి. మధ్యది... మధ్యది బ్రేకు. ఈ చివరిది యాక్సిలేటరు. ఇప్పుడివన్నీ ఎందుకమ్మా?"

"ఆ చివరి రెండిటికీ మధ్య ఎంత దూరం ఉంటుంది?"

"నాలుగు వేళ్ళు."

"నాలుగు వేళ్ళే!"

"అది చాలమ్మా. పైగా బ్రేకు కాస్త ఎత్తుగా ఉంటుంది. చూడక్కర్లేకుండానే కాలికి తెలిసిపోతుంది."

"కంగారులో కూడా తెలుస్తుందా? మిరపకాయ బస్తాల లారీ, ఇంతెత్తు లోడుతో మీదకి వచ్చేస్తుంటే? అప్పుడు బ్రేకు బదులు రెండోది తొక్కేస్తారా లేదా?"

"కొత్తగా నేర్చుకునేవాళ్ళయితే తొక్కుతారు. మాస్టారు తొక్కరు."

"ఎందుకు తొక్కరు? అరవై రెండేళ్ళ మనిషి."

"మీరు కూడా అలా అంటే ఎలాగమ్మా?"

"ఊరంతా అదే అంటోంది. బండి చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు? బ్రేకు తొక్కి చూశాం, గట్టిగా పట్టింది, బండిలో ఏ లోపమూ లేదన్నాడు. బండిలో లేకపోతే ఇంక ఎక్కడున్నట్టు? కాల్లోనేగా."

"ఊరికేం తెలుసు? మాస్టారు కళ్ళు మూసుకుని ఏ నట్టు ఎక్కడుందో తడిమి చెప్పే మనిషి. ఆయనకి బ్రేకేదో తెలీలేదంటే నేను ఊరుకోను."

"ఊరుకున్నావుగా. పదకొండు నెలలు."

"అమ్మా..."

"విను. మా అబ్బాయి శ్రీరామ్ ఈ బండి అమ్మేద్దామంటున్నాడు. ఇంటి ముందు అది కనబడుతుంటే వాడు అన్నం తినలేకపోతున్నాడు. సరే అన్నాను. అమ్మే ముందు నాకు ఒక్క మాట కావాలి. ఇంకెవరు చెప్పినా నాకు ఆనదు, నువ్వు చెప్పాలి. తప్పు కాలుదేనని చెప్పు. చెప్పావంటే ఇప్పుడే వెళ్ళిపోతాను."

"చెప్పలేనమ్మా."

"ఏం?"

"అబద్ధం కాబట్టి."

"నువ్వెక్కడున్నావని? ఆ రోజు శుక్రవారం. నమాజుకి వెళ్ళావు."

"వెళ్ళాను. అందుకే తెలుసు."

"అర్థమయ్యేట్టు చెప్పు."

"ముందు మీరు కూర్చోండి. ఆ స్టూలు వద్దు, గ్రీజుంది. ఈ కుర్చీలో."

"కూర్చున్నాను. చెప్పు."

"ఆ రోజు నేను ఈ బండికి బ్రేకు ప్యాడ్లు మార్చాను. గుర్తుందా?"

"గుర్తుంది. ఫాగ్ లైట్లు కూడా ఆ రోజే పెట్టావు."

"కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయమ్మా. అవి పట్టాలంటే లోపలున్న పిస్టన్ని బాగా వెనక్కి నెట్టాలి. నెట్టి, ప్యాడ్లు పెట్టి, చక్రం బిగిస్తాం. అక్కడితో పని అయిపోయినట్టు కాదు. సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాలి. మొదటిసారి తొక్కితే ఏమీ పట్టదు, నేలదాకా దిగిపోతుంది. రెండోసారి కొంచెం ఆనుతుంది. తొక్కగా తొక్కగా పిస్టన్ ముందుకొచ్చి పెడలు గట్టిపడుతుంది. అప్పుడు గానీ తాళం చేతికివ్వకూడదు. మా నాన్న మీరా హుస్సేన్ నాకు నేర్పిన మొదటి పాఠమే అది."

"ఊఁ."

"కాలెందుకమ్మా అలా నేలకేసి నొక్కుతున్నారు?"

"తిమ్మిరి. నువ్వు చెప్పు."

"ఆ రోజు చక్రాలు బిగించి సీట్లోకి ఎక్కబోతున్నా. 'ఆగవోయ్, ముందు లైట్లు చూద్దాం' అన్నారు మాస్టారు. నాకూ సరదాయే. పట్టపగలు షట్టరు దించి మరీ చూశాం. పసుపు వెలుగు, గోడ మీద భలే పడింది. ఎడమది అరంగుళం కిందకుందని నేనన్నా, లేదని ఆయన. టేపు పెట్టి కొలిచాం. ఇప్పి మళ్ళీ బిగించాం. ఇద్దరం దాని ముందు పావుగంట నిలబడిపోయాం, చిన్నపిల్లల్లాగా. ఇంతలో అజాన్."

"నువ్వు పరిగెత్తావు."

"షట్టరెత్తి, చేతులు కడుక్కుని పరిగెత్తా. 'నువ్వెళ్ళు, తాళం వేసి మేం పోతాం' అన్నారు. మీరు ఇదే కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను పెడలు తొక్కలేదమ్మా. మర్చిపోయా. నమాజులో నుదురు నేలకి ఆనించినప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా లేవలేదు. మధ్యలో ఎలా లేస్తాను, మాస్టారికి తెలుసుగా, ఆయనే చూసుకుంటారులే అనుకున్నా. బయటికొచ్చేసరికి రోడ్డు మీద జనం."

"ఆయనకి తెలుసు కదా మరి. ఎందుకు చూసుకోలేదు?"

"నేను చేసే ఉంటానని. ఎప్పుడూ మర్చిపోయినవాణ్ణి కాదు కదా. ఇక్కణ్ణుంచి రోడ్డు దాకా చదును, బ్రేకు అవసరం రాదు. రోడ్డు మీదకి వచ్చాకే మొదటిసారి తొక్కుతారు. లేని బ్రేకు తొక్కారమ్మా మాస్టారు. కాలు తప్పలేదు."

"మరి ఇన్‌స్పెక్టరు తొక్కితే గట్టిగా ఉందన్నాడే?"

"లారీ గుద్దేలోపు రెండు మూడుసార్లు తొక్కి ఉంటారు కదా. దాంతో అది గట్టిపడిపోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి నా తప్పు కనబడకుండా పోయింది. నేను పక్కనే ఉన్నా. 'బ్రేకులు బ్రహ్మాండంగా చేశావయ్యా' అని భుజం తట్టాడు. పిల్లలు గుర్తొచ్చారు, షెడ్డు గుర్తొచ్చింది. ఆ రోజు చెప్పలేకపోయా. తర్వాత ఎప్పుడు చెప్పాలో తెలీలేదు."

"అందుకేనా బ్రేకులు మానేసింది?"

"అప్పట్నుంచి ఏ బండి వచ్చినా, హారన్ కోసం వచ్చిన బండైనా సరే, ఎక్కి బ్రేకు తొక్కుతా. పదిసార్లు, ఇరవైసార్లు. దిగుతా. మళ్ళీ ఎక్కుతా. బళ్ళవాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. ఒకసారి ఎవరి కారుకో ప్యాడ్లు మారుస్తూ పిస్టన్ మీద చెయ్యి వేశా. 'ఆగవోయ్' అని మాస్టారి గొంతు. ఇక్కడే, చెవి పక్కన. తల తిప్పి చూశానమ్మా, నిజంగా తిప్పి చూశా. ఆ చక్రం ఇంకెవరితోనో బిగింపించి పంపించా. అదే ఆఖరు."

"ఇక్కడేనా? ఈ పక్కనేనా?"

"అక్కడేనమ్మా, ఈ చెవి పక్కనే. టీ కొట్టు దగ్గర మాస్టారికి ముసలితనమొచ్చి పెడలు తప్పు తొక్కారని అంటుంటే విని, తల దించుకుని వచ్చేవాణ్ణి. ఇంక నావల్ల కాదు. మీరేమన్నా పడతా. స్టేషనుకి పదమంటే ఈ బట్టల్తోనే వస్తా. ఏదో ఒకటి అనండమ్మా."

"ఇంకోసారి చెప్పు. మొదటిసారి తొక్కితే ఎలా ఉంటుంది?"

"మళ్ళీ ఎందుకమ్మా?"

"చెప్పమన్నానా?"

"నేలదాకా పోతుంది."

"ఏ అడ్డూ లేకుండా. చెరువులో కాలు పెట్టినట్టు."

"ఆఁ."

"అంత మెత్తగా దిగేసరికి, ఇది బ్రేకు కాదేమో, పక్కది తొక్కానేమో అనిపిస్తుంది."

"అనిపించొచ్చు..."

"రెండోసారి పాదానికి కొంచెం ఏదో తగులుతుంది. మూడోసారికి గట్టిగా, రాయిలా. కానీ అప్పటికి అద్దం నిండా లారీయే."

"మీకెలా తెలుసమ్మా ఇదంతా? మాస్టారు... పోయేముందు మాస్టారు ఏమన్నా చెప్పారా?"

"'బ్రేకు, రత్నం, బ్రేకు' అన్నారు. 'తొక్కుతున్నానండీ' అన్నాను."

"మీరా? మీరు... స్టీరింగు ముందు మీరా?"

"ప్రతి శుక్రవారం ఏదో రిపేరు వంక పెట్టి ఆయన ఇక్కడికి ఎందుకు వచ్చేవారనుకున్నావు? నువ్వు నమాజుకి వెళ్తావు, ఈ దారి ఖాళీగా ఉంటుంది, నాకు నేర్పించడానికి. ఇంకెవరికీ తెలీదు. నాకు లైసెన్సు లేదు. జనం చుట్టూ మూగి ఎవరు నడిపారని అడిగితే, భయపడి ఆయనే అన్నాను. శ్రీరామ్‌కి కూడా అదే చెప్పాను. తర్వాత ఊరు ఆయన్ని అంటుంటే నోరు మూసుకున్నాను. నీలాగే."

"యా అల్లా... అమ్మా..."

"రోజూ స్నానం చేసేటప్పుడు ఈ కుడికాలు మీద నీళ్ళు పోసుకోబుద్ధి కాదు వలీ. కంగారులో యాక్సిలేటరు తొక్కి, చేతులారా ఆయన్ని చంపుకున్నానని... అయితే నేను తొక్కింది బ్రేకేనన్నమాట."