రొటోరువాలో గీజరు కారిన రోజు

ఆదివారం చర్చి అయ్యాక రెజినాల్డ్ ఇంటి వెనక చెక్క డెక్కు మీద భోజనాలయ్యాయి, టీలు వచ్చాయి. హామిల్టన్‌లో ఆ ఏడాది, అంటే రెండువేల ఆరులో, ఎండలు ఆలస్యంగా మొదలయ్యాయి గాని మొదలయ్యాక బాగానే కాశాయి. “సెలవల్లో కాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకున్నారటగా బ్రదర్, ఎలా జరిగింది?” అని రెజినాల్డ్ మాటవరసకు అడిగాడు.

యెహెజ్కేలు టీ కప్పు కింద పెట్టాడు. ఆయన భార్య ప్రేమలీల తలెత్తి చూసింది. గుంటూరులో ఇరవై ఏళ్లు పైపులు బిగించిన మనిషి ఆయన. ఆమెకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చాడు. ఈ దేశంలో లైసెన్సు లేనిదే ప్లంబరు పని చేయకూడదన్నారు. మూడేళ్లుగా సూపర్‌మార్కెట్‌లో డబ్బాలు సర్దుతున్నాడు. నలుగురూ చేరి ఉద్యోగాల గురించి మాట్లాడుకునే చోట ఆయన ఊ కొట్టడం తప్ప నోరు విప్పడం ఆమె చూడలేదు.

“పెద్ద విశేషమేం లేదు బ్రదర్. గీజరు కారుతుంటే బాగుచేశాను, అంతే” అన్నాడు.

“వ్యాన్‌లో గీజరు కూడా ఉంటుందా?” అంది పుష్పలత ఆంటీ.

“పొయ్యి, మంచం, బాత్రూము, అన్నీ ఉంటాయి ఆంటీ. చక్రాలున్న ఇల్లనుకోండి. రొటోరువాలో క్యాంప్‌గ్రౌండులో ఆపుకుని పడుకున్నాం. పొద్దున లేచి చూద్దును కదా, మంచం కింద తడి. గీజరు అడుగున బిరడా దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. ఆఫీసుకెళ్లి ఆ తెల్లావిడతో ‘గీజర్ ఈజ్ లీకింగ్’ అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వి, ఈ ఊరికి అందరూ అది చూడ్డానికే వస్తారు అంది. ఎందుకో తెలుసా? వీళ్ల లెక్కలో గీజరంటే భూమిలోంచి చిమ్మే వేడినీళ్ల బుగ్గట.”

అందరూ నవ్వారు. ప్రేమలీల కూడా నవ్వింది. ఇంతవరకూ నిజమే. అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే మెకానిక్ రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అప్పుడే ఈయన గ్యాసు కట్టేసి, పంపు ఆపి, చొక్కా చేతులు మడిచాడు.

“ఈలోపు చుక్క కాస్తా ధారయింది. గిన్నె పెట్టాను, నిండింది. బకెట్ పెట్టాను, నిండింది. ఆ ట్యాంకులో పట్టేది ఇరవై లీటర్లు. నేను పారబోసింది నాలుగు వందల బకెట్లు. మరి ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?”

“నాలుగు వందలా?” అన్నాడు రెజినాల్డ్.

“నాలుగు వందల పన్నెండు. లెక్కపెట్టింది మీ ప్రేమలీల సిస్టరే. వంగి చూస్తే, వ్యాను మురుగు పైపు జారి నేల నెర్రెలో దిగబడిపోయింది. ఊరి కింద ఉన్న వేడినీళ్లన్నీ మా గీజరులోకి ఎక్కుతున్నాయి. అక్కడ ఊరి మధ్య పెద్ద బుగ్గ ఎండిపోయింది. టూరిస్టులు కెమెరాలు పట్టుకుని నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉన్నారు. ఇక లాభం లేదని బొటనవేలు పెట్టి కన్నం మూసేశాను.”

ఆయన బొటనవేలు చూపించాడు. దాని మీద బొబ్బ ఇంకా మానలేదు. అదీ నిజమే. వేడినీళ్లు చేతి మీద పడుతున్నా ఆయన వేలు తీయలేదు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిరికి బయటికి పోయే దారి లేదు. వ్యాను లేచింది.”

“ఎంత లేచిందేంటి, జానెడా?” అంది ఆంటీ.

“జానెడేంటి ఆంటీ, మబ్బులు తగిలాయి. ఇటు ఒక సముద్రం, అటు ఒక సముద్రం, మధ్యలో పచ్చగా దేశం. మీ ఇంటి మీద ఆరేసిన దుప్పట్లు కూడా కనిపించాయి. మీ సిస్టరు లోపల ఉల్లిపాయలు తరుగుతోంది. ఒక్క ముక్క కింద పడలేదు, అంత మెత్తగా లేపాను. వేలు కాస్త వదిలితే ముందుకు, అదిమితే వెనక్కి. అలా నడుపుకుంటూ రాజధాని వెల్లింగ్టన్ దాకా వెళ్లేసరికి అక్కడి గాలి సంగతి మీకు తెలుసుగా, ఒక్క తోపు తోసింది, మళ్లీ రొటోరువాలో పడ్డాం. పడుతూ పడుతూనే లుంగీ అంచున దారం లాగి బిరడాకు చుట్టి బిగించేశాను. అంతే, ఊళ్లో బుగ్గ మళ్లీ చిమ్మింది. ఊరి పెద్దలు వచ్చి, ఇకనుంచి దీని టైము నువ్వే చెప్పు బాబూ అన్నారు. పొద్దున పదింబావుకి పెట్టాను.”

డెక్కంతా నవ్వులతో అదిరింది. ప్రేమలీల ఆయన్ని ఆపలేదు. ఆ గొంతు విని మూడేళ్లయింది.

రెజినాల్డ్ పక్కింటి కిషన్‌రావు అంతసేపూ ఓ పక్కన కూర్చుని వింటున్నాడు. కరీంనగర్ ఆయన, పెద్దగా మాట్లాడే రకం కాదు.

“ఒక్క మాట అడుగుత అన్నా. ఆ బండి తెల్లగ, పక్కకు ఆకుపచ్చ గీత, ఎనక తలుపుకు సొట్ట ఉంటదా?”

“ఉంటుంది” అన్నాడు యెహెజ్కేలు, గొంతు కొంచెం తగ్గించి.

“గురువారం అది మా అద్దె బండ్ల యార్డుకే వచ్చింది. నేన్ అక్కడనే పన్జేస్త. రొటోరువా రోడ్డు మీద పొయ్యొస్తె ఎన్ని కిలోమీటర్లయితయో, మీటరు అన్ని తిరిగింది. గాల్లకెళ్లి వెల్లింగ్టన్ పోయిన లెక్క మాత్రం అండ్ల దొర్కలే.”

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. యెహెజ్కేలు ఖాళీ కప్పులోకి చూశాడు. ఇంటికెళ్లాక ఈయన మళ్లీ ఎన్ని నెలలు నోరు విప్పడో అనుకుంది ప్రేమలీల.

కిషన్‌రావు మాత్రం ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తాడు.

“బిరడా ముచ్చట గూడ చెప్త. దాని మరలు సగం అరిగిపోయినయి. దారం వరసగ చుట్టి, సబ్బు రాసి బిగించిన్రు. ఒక్క చుక్క కారలే. మా మెకానిక్ గ్రేమ్‌కు దాన్ని విప్పనీకె అరగంట పట్టింది. ఇది ఎవడో పనొచ్చినోడు జేసిన పని, ఎవడో కనుక్కో అన్నడు. ఆయన కింద ఒక మనిషి కావాలె. లైసెన్సు పనులు ఆయన జూసుకుంటడు, విప్పుడు బిగించుడు నీది. రేపు ఎనిమిదికి రా, మాట్లాడు. తీస్కుంటరో లేదో నేన్ చెప్పలేను.”

ఎవరూ నవ్వలేదు. ప్రేమలీల అప్పటికే రేపటి డ్యూటీ ఎవరితో మార్చుకోవచ్చా అని ఆలోచిస్తోంది, ఆయన్ని కారులో దింపాలి కదా.

యెహెజ్కేలు చిన్నగా అడిగాడు. “ఆయన ఏమడుగుతాడు?”

“ఏం జేసినవో చెప్పమంటడు. దారం, సబ్బు, పానా. గంతే చెప్పు. గాల్లకు లేసుడు చెప్పకు.”

యెహెజ్కేలు కొంచెం ఆలోచించాడు.

“జానెడు కూడా వద్దా?”

“పన్ల చేరినంక చెప్పు” అన్నాడు కిషన్‌రావు.