ఫ్రిజ్ బదులు తొక్కలు

(గాబెస్ ఊరి చివర, ఖర్జూరపు తోటల మధ్య ఒక బడి వంటగది. మాట్లాడేది వంటామె మొంజియా, యూనివర్సిటీ నుంచి వచ్చిన డాక్టర్ లసాద్.)

"ఫ్రిజ్ అడిగితే తొక్కలు పంపారా నాయనా?"

"తొక్కలు కాదు పిన్నీ. దానిమ్మ తొక్క సారం. రసం ఫ్యాక్టరీ పారబోసేది తెచ్చి, ఎండబెట్టి, పొడి చేసి, అందులోంచి..."

"తొక్కేగా."

"తొక్కే."

"మా మేకకి అదే వేస్తాం. ఇంకాస్త మేసుంటే అదీ డాక్టరయ్యేది."

"ఎగతాళి కాదు. మాంసంలో పెరిగే సాల్మొనెల్లా ఉంది చూడు, ఆ బ్యాక్టీరియా దీని ముందు నిలవదు. ల్యాబులో గాజు పళ్లెంలో చూశాను. పొడి వేసిన చోట చుట్టూ ఉంగరంలా ఖాళీ. ఒక్కటీ మిగల్లేదు."

"మా పిల్లలు గాజు పళ్లేల్లో తినరు. రేకు పళ్లేలు."

"అది కాదు పిన్నీ..."

"ఆ ఫ్రిజ్ చచ్చి నెలయింది. పోయిన వారం సగం తరగతికి వాంతులు. ఫ్రిజ్ కోసం బడుల అధికారి దగ్గరికెళితే ఏమన్నాడు? 'ఇక ఫ్రిజ్ ఎందుకమ్మా, మన లసాద్ పొడి కనిపెట్టాడుగా' అన్నాడు. అలా రాశావా నువ్వు?"

"చల్లదనంతో పాటు వాడాలి అని రాశాను."

"మరి పేపర్లో ఆ 'పాటు' ఏది?"

"కొట్టేశారు."

"చూశావా?"

"చూశాను."

"చూసి?"

"ఇంకో గ్లాసు టీ ఉందా పిన్నీ?"

"ఉంది, తాగు. పుదీనా మా తోటది. పేపర్లో ఫొటో మాత్రం బాగా పడ్డావులే."

"అధికారి ఎప్పుడొస్తాడు?"

"వస్తాడు, నీ పొడికి ప్రారంభోత్సవమంటూ రిబ్బనూ మైకూ వేసుకుని. నువ్వు ముందు తిను. గోధుమరవ్వ కుస్కుస్, కోడికూర. పిల్లలకీ ఇదే కుండ."

"ఈ కోడి ఎప్పటిది?"

"మొన్నటిది. ఆ చచ్చిన ఫ్రిజ్‌లోనే పడుకుంది. నీ పొడి దండిగా పట్టించానులే."

"మొన్నటిదా?"

"ఉడికిందిగా, భయమేంటి?"

"కొన్ని విషాలు ఉడికినా పోవు పిన్నీ. అయినా నేనివాళ ఉపవాసం."

"ఉపవాసాలు సోమవారం, గురువారం. ఇవాళ మంగళవారం."

"రంజాన్‌లో ఒకరోజు తప్పింది. దానికి బదులు..."

"ఓహో. మరి ఆ రెండు గ్లాసుల టీ నా మేక తాగిందా?"

"పిన్నీ, ఆ కోడి పిల్లలకి పెట్టకు."

"నాతో గుసగుసలెందుకు? మైకులో చెప్పు."

"చెప్తే నా ప్రాజెక్టు పోతుంది."

"అయితే పెట్టేస్తా. ఒరేయ్, పళ్లేలు తీసుకోండిరా..."

"ఆగు! చెప్తాను. ఫ్రిజ్ లేకపోతే ఈ పొడి పిల్లల్ని కాపాడదని మైకులోనే చెప్తాను. ముందా కుండ దించు."

"దించను. కోళ్లు మా పెరట్లోవి, ఇవాళ తెల్లారే కోయించాను. నీ పొడి బస్తా అదిగో, మూతి కూడా విప్పలేదు. కూర్చుని తిను నాయనా, మైకులో గొంతు గట్టిగా రావాలి."