మునిరత్నమన్న వండిన ఆదివారం కూర

"అవ్వా, మిగిలిన మటన్ కూర ఫ్రీజర్లో ఎన్నాళ్లు పెట్టుకోవచ్చు? చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా."

ఎన్నాళ్లా? ఈ ఇంట్లో ఆ మాట అడిగేదానికి ధైర్యం కావాల మే. సరే, ఆ ఫోను ఈడ తలగడ మింద పెట్టు. నా మాట ఇనపడతాదా దానికి? ఊ.

రెండు మూడు నెల్లు పెట్టొచ్చంటారు. నేనైతే నెల దాటనియ్యను. నువ్వు ఏర్పేడులో ఒక్కదానివే గది తీసుకోని ఉండావు గదా, నీకు ముఖ్యంగా సెప్తా ఉండా, ఇను. కూర వేడిమింద లోపల పెట్టగూడదు. బాగా సల్లారాల. గిన్నికి గిన్ని పెట్టెయ్యగూడదు, సిన్న సిన్న డబ్బాల్లో పెట్టాల, ఒక పూటకెంతో అంత. తినాలనుకున్నప్పుడు ముందుదినమే తీసి కింద అరలో పెట్టు. బయట గట్టు మింద కాదు, ఫ్రిజ్జులోనే కింద. అది కరిగినాక పొయ్యి మింద కుతకుతా ఉడకాల, నూనె పైకి తేలాల. ఒకసారి కరిగినదాన్ని మళ్లా గడ్డ కట్టించొద్దు. అంతే. రాజమ్మవ్వ మాదిరి మాత్రం సెయ్యొద్దు.

ఏం, నీకు తెలీదా ఆ కత? మీ నాయన సెప్పలేదా? యాడ సెప్తాడు, ఆ పొద్దు తిన్న కుల్ఫీలకు వారం దినాలు వానికి గొంతు పెగల్లేదు.

రాజమ్మవ్వంటే మీ తాతకు అక్క. నాకు వొదిన. కార్వేటినగరంలో ఉండాది, నువ్వు సిన్నప్పుడు పోయినావు, కోళ్లు తరుముకోనొస్తే ఏడిసినావు, ఆ ఇల్లే. ఆయమ్మ మొగుడు మునిరత్నమన్న. మండీలో మామిడికాయలు ఎగుమతి సేసే పని ఆయప్పది. వారమంతా వంటింటి దిక్కు తొంగి సూసేవాడు కాదు, ఆదివారమొస్తే మాత్రం పొయ్యి కాడికి వొదిన్ని రానిచ్చేవాడు కాదు. తెల్లార్తోనే అంగడికి పొయ్యి పొట్టేలు మాంసం తెచ్చి, నల్లెముకలు వేరుగా, మెత్త తునకలు వేరుగా పెట్టి, ఎర్రగడ్డలు తెల్లగడ్డలు తానే వొలిసి, మసాలా మిక్సీలో వెయ్యనియ్యడు, రోట్లోనే నూరాల. నల్లెముకలు ముందు ఉడకబెట్టాల, మెత్తనివి తరవాత వెయ్యాల, అన్నీ ఒకేసారి వేస్తే ఒకటి రాయి ఒకటి పిండి అవుతాదని ఆయప్పే నాకు సెప్పింది. ఇది రాసిపెట్టుకో. ఓ, రికార్డవతా ఉండాది గదా.

ఉగాది దాటినాక ఒక ఆదివారం అట్లే వండినాడు. ఇద్దరూ తిన్నారు. సగం మిగిలింది. "దబరగిన్నితో లోపల పెట్టు రాజా, రేపుటికి ఇంకా రుసిగుంటాది" అన్నాడంట. పెట్టింది. తెల్లారి లేపితే మనిషి లెయ్యలేదు. గుండె. నిద్దర్లోనే పొయ్యినాడు మారాజు.

మూడోదినం కర్మయింది. సుట్టాలు పొయ్యేముందు ఇల్లు కడగతా, ఎవురో ఫ్రిజ్జు తెరిసి ఆ దబర బయటికి తీసినారు, పారబోద్దామని. అంతవరకు ఒక్క సుక్క కన్నీళ్లు పెట్టని మా వొదిన వొచ్చి దబరకు రెండు సేతులూ సుట్టేసింది. "రేపుటికని పెట్టమన్నాడు. దాన్ని ముట్టొద్దండి" అనింది. మళ్లా లోపల పెట్టినారు. ఈసారి కింద కాదు, పైన ఫ్రీజర్లో.

మా కాలంలో ఫ్రిజ్జు యాడిది తల్లీ. పుల్లైసు ఐదు పైసలున్నప్పుడు దాన్నే వింతగా సూసినోళ్లం మేము. కూర మిగిలితే పొద్దున్నే మళ్లా కాంచేది, రాత్రి మళ్లా కాంచేది. పచ్చి మాంసం సియ్యలు మిగిలితే ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి, మిద్దె మింద ఎండబెడితే ఉప్పుకండ. కట్టె బట్టుకోని కాకులకు కావిలుండేది నేను. అప్పుడైతే ఈ అగసాట్లు ఉండవు. ఎవురి మొగుడూ గడ్డ కట్టడు. ఏం జెప్తా ఉన్నా? ఆ, దబర.

ఎండలు ముదిరినాయి. ఆడ కరెంటు పోతా వస్తా ఉన్నింది. కరెంటు పోతే సాలు, మా వొదిన దబర సంకనేసుకోని ఇన్వర్టరుండే ఇల్లు యాడుండాదా అని వీదులెంబడి తిరిగేది. కోమట్ల అంగట్లో కూల్‌డ్రింకుల పెట్టె తెరిపించి అడిగిందంట. మొదట్లో అందురూ పాపమన్నారు. తరవాత ఈయమ్మ వస్తా ఉంటే వాకిలేసుకోబట్నారు. ఆకరికి ఒక పొద్దు పుల్లైసులాయన దగ్గిర ఐసుముక్కలు అడుక్కోని, దబర సుట్టూ పేర్సి, గోనెసంచిలో సుట్టి, తిరపతి బస్సెక్కేసింది, మా ఇంటికి.

ఆ బస్సులో ఏం జరిగిందో ఆయమ్మే సెప్పింది, నవ్వకుండా సెప్పింది. కండక్టరొచ్చి, సంచిలోంచి నీళ్లు కారతా ఉంటే, "ఏముందమ్మా దాంట్లో?" అన్నాడంట.

"మా ఆయన" అనిందంట ఈయమ్మ.

కండక్టరు రెండు సేతులెత్తి సంచికి దండం పెట్టినాడు. ముందు సీట్లో కూసున్నోళ్లను లేపి, ఈయమ్మను కూసోబెట్టినాడు. ఒకామె తలలో పూలు తీసి సంచిమింద పెట్టిందంట. కొంచేపటికి ఎనక సీటు పెద్దాయన వంగి, "నదిలో కలిపేదానికా తల్లీ?" అన్నాడు.

"కాదప్పా. మా తమ్మునింట్లో ఫ్రిజ్జులో పెట్టేదానికి."

ఆయప్ప లేసి పొయ్యి, తిరపతి దాకా డ్రైవరు పక్కన నిలబడుకున్నాడంట.

అట్ల దిగింది. ఆ పొద్దు మా ఫ్రీజరు నిండా నా మామిడిపండు కుల్ఫీలు. మీ నాయనకు ఉద్యోగం పర్మినెంటయిందని వీదిలో పంచుదామని సేసినా. కుల్ఫీకి పాలు మూడో వంతుకొచ్చేదాకా కాంచాల, అడుగంటకుండా గెంటె తిప్పతానే ఉండాల. పాలు పూర్తిగా సల్లారినాకే పండు గుజ్జు కలపాల, వేడిలో కలిపితే ఇరిగిపోతాయి. గ్లాసుల్లో పోసి మూతి మింద కవరు బిగించి కట్టాల, లేకుంటే పైన మంచు పొరకలు లేస్తాయి. అంత కష్టపడి సేసుకుంటే, వొదిన వాకిట్లోనే నిలబడి, "నాగా, బిన్నా, గబగబా ఆ ఫ్రీజరు కాళీ సెయ్యి, కరగతా ఉండాడు" అనింది.

కరగతా ఉండాడు అనింది తల్లీ. ఉండాది అనలేదు.

మీ తాత నన్ను సూసినాడు, నేను మీ తాతను సూసినా. దబర పట్టాలంటే కుల్ఫీలు ఒక్కటి కూడా లోపలుండేదానికి లేదు. ఇంక ఏం సేస్తాం, అందురం కూసోని తినబట్నాం. మీ తాతకు సక్కెర జబ్బు, ఆయనా తిన్నాడు. "అక్క మొగుని కోసరం" అంటా తిన్నాడు. మీ నాయన గబగబా మింగి గొంతు పోగొట్టుకున్నాడు. ఎదురింటి సరోజమ్మను పిలిస్తే ఆయమ్మా వొచ్చి, ఏం సంతోసం నాగరత్నమ్మా అనింది. ఆయమ్మ సేతిలోనూ ఒక గ్లాసు పెట్టినా.

అప్పుట్నించి ఆ ఫ్రీజరు మాది కాదు. వొదిన పొద్దున లేస్తానే మొగం కడుక్కోని, ఫ్రీజరు తలుపు తెరిసి, "ఈ పొద్దు ఎండ మండిపోతా ఉండాది, నువ్వు గమ్మున ఈన్నే ఉండు" అని సెప్పేది. మధ్యాన్నం ఏం కూర సేసినామో సెప్పేది. మీ తాత కూడా బజారుకు పొయ్యేటప్పుడు అటు తిరిగి "పొయ్యొస్తా బావా" అనబట్నాడు. నేను ఎవురికి సెప్పుకునేది? దబర పక్కన సందులో ఒకసారి రెండు గ్లాసులు కుల్ఫీ పెట్టి సరోజమ్మకిస్తే, లవంగాలూ దాసించెక్కా భలేగా వేసినావు, ఎట్ల సేసినావని అడిగింది. నేను ఏలక్కాయ తప్ప ఏమీ వెయ్యలేదు. అందుకే సెప్తా ఉండా, తీపి పెట్టేటప్పుడు సియ్యల కూర పక్కన పెట్టొద్దు. పెడితే మూత గట్టిగుండాల.

వొదిన మాత్రం తిండి తినేది కాదు. పిడికెడు అన్నం, మజ్జిగ. మనిషి సగమయింది. మీ తాత మొగం తిప్పుకోని కండ్లు తుడుసుకునేవాడు. ఆ దబర అట్లుండేంతవరకు ఆయమ్మకు ఆ సోమారం తెల్లారదు, అది మాకు తెలస్తానే ఉండాది. కానీ ఎవురు సెప్పాల?

మామిడికాయలు అయిపోయే టైములో ఒక గాలివాన వొచ్చింది. మా వీది మూల ట్రాన్స్‌ఫార్మరు డబ్బుమని పేలిపోయింది. లైనుమేన్ వొచ్చి పైకి సూసి, రేపు మధ్యాన్నానికి గానీ రాదని సెప్పి పొయ్యినాడు. వొదిన ఫ్రిజ్జు తలుపుకు ఈపానించి కూసునింది, ఎవురూ తెరవకుండా. మీ తాత ఆటో ఏసుకోని సేపల మార్కెట్టుకు పొయ్యి ఇంత పెద్ద ఐసుగడ్డ తెచ్చినాడు, తడిసి ముద్దయిపొయ్యి. అది సూసి వొదిన, "ఆయనకు సేపల వాసనంటే కడుపులో తిప్పుతాదని నీకు తెలుసు గదరా. వొద్దు" అనింది.

"అక్కా, ఐసే గదక్కా."

"వొద్దంటి."

మళ్లా పొయ్యినాడు. ఈసారి బండాయన దగ్గిరుండే పుల్లైసులన్నీ కొనుక్కోనొచ్చినాడు. పెండ్లికా అని అడిగినాడంట బండాయన. కాదు, కూరకు అన్నాడంట మీ తాత. పెద్ద అండాలో దబర నిలబెట్టి సుట్టూ పుల్లైసులు పేర్సినాం, కిత్తిలి, అదే నారింజపండు రంగువీ, ద్రాచ్చ రంగువీ. సూసేదానికి ఏదో పూజ మాదిరుండాది. తెల్లారేసరికి హాలంతా కిత్తిలిరంగు నీళ్లు, తిరపతిలో ఉండే సీమలన్నీ మా ఇంట్లోనే.

మధ్యాన్నమయినా కరెంటు రాలేదు. వొదినే మూత తీసింది. సుట్టూరా కరిగిపొయ్యి, నడిమధ్యన ఇంత గడ్డ మిగిలుండాది. వాసనొచ్చింది తల్లీ. ఆ రోటి మసాలా వాసన. మనిషి వంటింట్లో నిలబడుకోనుండేట్టే ఉండాది. సరోజమ్మ వొచ్చి, ఫోటో తీసి పెట్టుకోరాదా అనింది. మీ తాత, "ఎనకాల టెంకాయ సెట్టు కింద పూడ్సేద్దామక్కా, మర్యాదగా" అన్నాడు.

వొదిన ఆయన్నట్ల సూసి, "ఒకసారి కాల్సినాం. ఇంగోసారి పూడ్సాల్నా?" అనింది. తరవాత నా దిక్కు తిరిగి, "నాగా, పొయ్యి వెలిగించు" అనింది.

నాకు బయమే. వాసన సూసినా, పులుపు లేదు. పైన నురగ లేదు, జిగురు సాగలేదు. ఈ మూడూ సూసుకోవాల, ఏ ఒక్కటి తేడా ఉన్నా మొగం సూడకుండా పారెయ్యాల, ఎవురు వండిందైనా సరే. బాగా సేపు ఉడికించినా. వొదిన గెంటె నా సేతికియ్యలేదు. నేను సంగటి కెలికినా. అందురం నేలమింద కూసున్నాం, కిత్తిలి నీళ్లు తుడిసిన సోట.

ఆయమ్మ సంగటి ముద్ద తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకునింది. నమలతా ఉండాది, నమలతా ఉండాది.

"ఉప్పు జాస్తి" అనింది.

మేమూ నోట్లో పెట్టుకున్నాం. నిజంగానే ఉప్పు కసం, మింగలేనంత.

"పెండ్లయినకాడ్నించి మొత్తుకున్నా ఈ మనిషితో. ఆకరిసారి కూడా నా మాట ఇనలేదు సూడు" అని నవ్వింది. ఆ నవ్వు నవ్వు మాదిరే మొదలై, యాడనో ఇరిగిపొయ్యింది. సంగటి సెయ్యి అట్లే పట్టుకోని ఏడిసింది, మూడు నెల్ల ఏడుపు. నేను ఈపు నిమురుతా కూసున్నా. ఏడిసి ఏడిసి, కొంగుతో మొగం తుడుసుకోని, "ఇంగొంచెం సంగటెయ్యి, ఉప్పు ఇరగాల" అనింది. దబర కాళీ సేసింది తల్లీ. సేసి, సాపేసుకోని పండుకునింది. కరెంటొచ్చి ఫ్యాను తిరిగినా తెలీలేదు ఆయమ్మకు.

ఇప్పుడు బాగుండాది. ఆదివారమాదివారం తానే వండతాది, మేం పోతే బలవంతం సేసి పెడతాది. నోట్లో పెడితే సాలు, ఉప్పు, ఉప్పు. ఏంది వొదినా ఇంత ఉప్పంటే, "ఏమో నాగా, సెయ్యి అట్ల పడిపోయింది" అంటాది. మేము మజ్జిగ తాగతా తింటాం.

ఇంక ఆపు ఆ ఫోను, గొంతు ఎండిపొయ్యింది. నీ డబ్బాలు కడిగి పెట్టినా, అవి తీసుకోనిపో. నీ గది, నీ వంటిల్లు, అన్నీ సల్లగుండాల తల్లీ. మరీ అంత సల్లగా వొద్దులే, మామూలుగా సాలు... ఏం, ఇంకా రికార్డవతానే ఉండాదా అది?