నాలుగుసార్లు జారిన భుజం

మళ్ళీ గోడేనా మేడమ్? పిడికిలి బిగించి గోడని నొక్కడం, పది లెక్కపెట్టడం, వదలడం. ఐదు నెలలుగా ఇదే. ఆ గోడకైనా ఈపాటికి కండ పట్టుండాలి, నాకు మాత్రం పట్టలేదు.

అబ్బే, మిమ్మల్ని అనడం లేదు. ఫిజియోథెరపీ మీరు చెప్తారు, చేయించుకునే ఒళ్ళు నాది కదా! నా కీళ్ళే అంత. చిన్నప్పుడు బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి ఆనించేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా మా నాన్న, "ఏదీ, ఒకసారి చూపించవే" అనేవాడు. అందరూ చప్పట్లు. అది ఒక ఇబ్బందని ఎవరికి తెలుసు?

పెద్దయ్యాక దొరికిన పని చూడండి, బ్యూటీ పార్లర్లో. రోజంతా చెయ్యి పైకెత్తి జనాల జుట్టు ఆరబెట్టాలి. ఒకరోజు పై అరలో తువ్వాలు అందుకుంటుంటే కుడి భుజం టక్కుమంది. చెయ్యి నాది కాదన్నట్టు వేలాడింది. నా కేకకి కుర్చీలో ఆవిడ తడి జుట్టుతోనే బయటికి పరుగు!

ఆసుపత్రికి వెళ్ళేలోపు అదే సర్దుకుంది. ఎక్స్‌రేలో ఏముంటుంది ఇంక? ఎముకలు బ్రహ్మాండం. దాంతో మా అత్తగారికి పట్టు దొరికింది. "ఫొటోలో లేని నొప్పి ఒంట్లో ఎక్కణ్ణుంచి వస్తుందే?" మా ఆయన వెళ్ళి టీవీ పెట్టుకున్నారు. అదే ఎక్కువ బాధ.

తర్వాత రెండుమూడుసార్లు జారితే ఆపరేషన్ కూడా అయింది కదా. లోపల బిగించి కుట్టారు. ఏడాదిన్నర బాగానే ఉంది. ఆపైన పాత లంగా ఎలాస్టిక్‌లా మళ్ళీ సాగింది. మీరే అన్నారుగా, సాగే ఒంట్లో కుట్లు ఎన్నాళ్ళు ఆగుతాయి, చుట్టూ ఉన్న చిన్న కండరాలే కాపలా కాయాలి అని. విన్నాను. అద్దం ముందు నిలబడి రెక్క వెనక్కి లాగుతున్నాను. ఒళ్ళు సాగదీసే ఆసనాలు మానేశాను.

ఏంటీ? పోయిన నెల ఎన్నిసార్లు జారిందా? మీరిచ్చిన పుస్తకంలో రాశాను కదా, నాలుగు.

పనిలో కాదు. నిద్రలోనూ కాదు. ఇంట్లో, పట్టపగలు.

నాలుగూ ఆదివారాలే, అవును. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు కదండీ.

కాస్త తలుపు వేస్తారా?

జారలేదు మేడమ్. నేనే కీలులోంచి తీశాను. మోచెయ్యి ఒంటికి ఆనించి, భుజం ఇలా కిందకి వదిలి... వద్దులెండి, చూపించను. నొప్పిగా ఉందంటే మా ఇంట్లో టీవీ సౌండు కూడా తగ్గించరు. భుజం మీద గుంట కనబడితే మాత్రం ఆయన పరుగెత్తుకొస్తారు. చేతి కింద దిండు పెడతారు. అత్తగారే పొయ్యి దగ్గరికి వెళ్తారు. ఆ గంటసేపూ నేను అబద్ధాలకోరుని కాను.

తెలుసండీ, తెలుసు. ఒక్కసారి తీస్తే నెల్లాళ్ళ కష్టం పోతుందని తెలుసు. మీరు వారానికి రెండు రోజులు నా భుజాన్ని నిలబెడుతున్నారు, నేను వారానికోసారి పడగొట్టుకుంటున్నాను. తిట్టండి. తిట్టరేం?

మొన్న ఆదివారం తీయలేదు. ఒట్టు. నోటితోనే చెప్పాను, "నొప్పిగా ఉందండీ" అని. ఆయన "ఊఁ" అన్నారు. కాసేపు చూశాను. ఎవరూ లేవలేదు.

నేనే లేచి గిన్నెలు తోముకున్నాను, ఎడమచేత్తో. భుజం ఉన్నచోటే ఉందిలెండి. అదొక్కటే.